అవతలి ఒడ్డు గొంతు

మా వదినకు కుళ్ళు ఎక్కువ అని నేనంటే, ఆడపడుచు కదా, ఆడిపోసుకుంటోందని అనుకోకండి. ఆ మాట ఆవిడే ఒప్పుకుంటుంది. "ఉంది. ఉంటే ఏం? నీకు లేదూ?" అని ఎదురు అడుగుతుంది. నాకూ ఉంది, కాదనను. అయితే నాది మామూలు కుళ్ళు. పక్కింటివాళ్ళు కొత్త కర్టెన్లు కట్టుకుంటే రెండు రోజులు ముఖం మాడ్చుకుని తరవాత మరిచిపోయే రకం. వదిన మరిచిపోయే మనిషి కాదు. ముఖమైనా చూడని ఒక ఆడమనిషి మీద, ఉత్త గొంతు విని, ఆవిడ ఏళ్ళ తరబడి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా వదిన గొంతు గురించి చెప్పాలి.

వదిన మా బస్సు డిపోలో విచారణ కౌంటరులో కూర్చుంటుంది. పక్కనే పాసులిచ్చే కిటికీ నాది. మా ఇద్దరి మధ్య ఒక గాజు పలక, దాని కింద టీ గ్లాసు జరపడానికి సరిపోయేంత సందు. పెళ్ళికి ముందునుంచీ ఏ బస్సు ఎక్కడికి బయలుదేరుతుందో మైకులో చెప్పేది ఆవిడే. మా అన్నయ్య అప్పుడు కొత్తగా చేరిన డ్రైవరు. తన బస్సు పేరు ఆ గొంతులో రెండోసారి వినబడితే తప్ప బండి కదిలించేవాడు కాదు. ఒకసారి కంట్రోలరు పరిగెత్తుకొచ్చి ఇంజను చెడిందా అని అడిగితే, "లేదు సార్, ఇంకోసారి చెబుతారేమోనని ఆగాను" అన్నాడట. ఆ సంగతి డిపో అంతా పాకింది. తరవాత పెళ్ళి కాక ఏమవుతుంది?

వదిన అందగత్తె కాదు, ఆ విషయంలో ఆవిడకు భ్రమలూ లేవు. "నన్ను చూసి ఎవరూ రెండోసారి తల తిప్పరు. వింటే తిప్పుతారు" అంటుంది. నిజమే. ఆవిడ మాట్లాడితే పక్కగదిలో ఉన్నవాళ్ళు కూడా చేస్తున్న పని ఆపుతారు. మా అన్నయ్య ఈ ఇంటికి తెచ్చుకున్నది ఆ గొంతునే, మనిషి దానితో పాటు వచ్చింది. ఇది నేను వేళాకోళానికి అన్నా, ఆవిడ మనసులో బలంగా నాటుకున్న సంగతి.

బస్సుల్లో స్పీకర్లు పెట్టినప్పుడు స్టాపుల పేర్లన్నీ ఆవిడ చేతే చెప్పించి రికార్డు చేశారు. ఇక ఊరంతా ఆవిడే. కూరగాయలకు వెళితే కొట్టువాడు "వచ్చేది టమాటా అమ్మా, దిగేవాళ్ళు దిగండి" అని ఆటపట్టించేవాడు. వదిన మూతి ముడుచుకున్నట్టు నటించేది గానీ, మరో కొట్టుకు ఎన్నడూ వెళ్ళలేదు.

మా ఊరికీ అవతలి ఊరికీ మధ్య ఉన్నది ఒక్క నది, దాని మీద ఒక్క వంతెన. మేము ఎగువన, వాళ్ళు కాస్త దిగువన. ఎండాకాలంలో మేము నీళ్ళన్నీ తోడేసుకుని మురుగు మాత్రం వాళ్ళకు వదులుతామని వాళ్ళ గోల. వానాకాలంలో వాళ్ళు పల్లపు ఒడ్డున ఇష్టమొచ్చినట్టు ఇళ్ళు కట్టి నీటికి అడ్డం పడటంతో మా వీధులు మునుగుతున్నాయని మా గోల. రెండూ నిజమే కాబట్టి తగవు తెగేది కాదు. ఈ పంతంలోనే మా బస్సు వంతెన మొదట్లో ఆగి వెనక్కి తిరిగేది, వాళ్ళ బస్సు వంతెన చివర ఆగి వెనక్కి తిరిగేది. మధ్యలో జనం సంచులు మోసుకుంటూ, గొడుగులు గాలికి తిరగబడుతుంటే వంతెన మీద నడిచేవాళ్ళు. రెండు ఊళ్ళూ పెరిగి పెరిగి, ఇక్కడ అద్దెకుండి అక్కడ పనిచేసేవాళ్ళు, అక్కడుండి ఇక్కడికొచ్చేవాళ్ళు ఎక్కువయ్యాక, పొద్దున పూట ఆ వంతెన మీద మనుషులు తప్ప వంతెన కనబడేది కాదు.

వదిన అవతలి గొంతు మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే. కళ్ళ డాక్టరు కోసం మేమిద్దరం వంతెన దాటి వాళ్ళ బస్సెక్కాం. బస్సు ఆగింది. స్పీకరులోంచి ఒక గొంతు, తొందరేమీ లేకుండా, "ఇది మార్కెట్టు. దిగేవారు నెమ్మదిగా దిగండి" అంది. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని దింపుతున్నట్టే ఉంది. వదిన ముఖం చూశాను. ఆవిడ కళ్ళ డాక్టరును మరిచిపోయింది. దిగాల్సిన చోట దిగనివ్వలేదు. చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చాం.

"బాగుంది కదూ?" అన్నాను, బుద్ధి లేక.

"ఏం బాగు! పడుకోబెడుతున్నట్టుంది. బస్సులో జనాన్ని లేపాలా, జోకొట్టాలా?" అని పెదవి విరిచింది.

ఆ సాయంత్రం ఇంట్లో అంట్లు తోముతూ ఆ గొంతును వెక్కిరించింది. "ఇది గిన్నె. కడిగేవారు నెమ్మదిగా కడగండి." మేము పడీపడీ నవ్వాం. మొదట అది వెక్కిరింతలాగే ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ నాకు భయమేసేంత దగ్గరికి వచ్చింది. వంటింట్లోంచి ఆ గొంతు వినబడితే ఎవరో వచ్చారనుకుని నేను చీర సర్దుకునేదాన్ని. తనకు పడని మనిషిని ఎవరైనా అంత శ్రద్ధగా నేర్చుకుంటారా? ఆ మాటే అంటే, "నేర్చుకోవడమేమిటి? అందులో ఏముందని?" అని నా మీద విరుచుకుపడింది.

చివరికి ఒక ఎండాకాలం వాళ్ళు గొంతెండి, ఒక వానాకాలం మేము నీళ్ళలో మునిగాక, రెండు ఊళ్ళ పెద్దలకూ బుద్ధొచ్చి ఒక ఉమ్మడి కమిటీ పెట్టుకున్నారు. మురుగు శుభ్రం చేశాకే నదిలోకి వదలాలని, పల్లపు ఒడ్డున ఇక కొత్త ఇళ్ళు కట్టకూడదని, అన్నిటికంటే ముందు వంతెన దాటేలా ఒక ఉమ్మడి బస్సు నడపాలని ఒప్పుకున్నారు. ఆ బస్సుకు మా అన్నయ్యను డ్రైవరుగా వేశారు. వదిన ఆ రోజు వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. మర్నాడు తెలిసింది అసలు సంగతి. వంతెన సగం దాకా వదిన గొంతు, ఆ సగం నుంచి అవతలి గొంతు. అంటే మా అన్నయ్య రోజూ సగం సేపు ఆవిడ మాటలు వింటూ బండి నడుపుతాడు.

ఇక మా ఇంట్లో రోజూ ఒక విచారణ నడిచేది.

"ఇవాళ ఆవిడ ఏమంది?" అనేది వదిన, కంచం ముందు పెడుతూ.

"ఏమంటుంది? ఇది మార్కెట్టు అంది."

"ఎలా అంది?"

"రోజూ ఎలా అంటుందో అలానే అంది. రికార్డు కదే!"

"నిన్న కూడా 'రికార్డు కదే' అన్నారు. రోజూ ఒకటే మాట వింటుంటే విసుగు రావట్లేదా మీకు?"

అన్నయ్య కాసేపు ఆలోచించాడు. ఆలోచించడమే ఆయన చేసిన తప్పు. "విసుగేం లేదు. ఆ గొంతు వింటుంటే ట్రాఫిక్కులో చిరాకు రాదు" అన్నాడు.

వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట కూర మాడిందని నేను చెప్పక్కర్లేదు. "నా గొంతు వింటుంటే చిరాకు వస్తుందా?" అంటే అన్నయ్య నీళ్ళు నమిలాడు. ఆయన ఉద్దేశం అది కాదు, పాపం. కానీ ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తప్పే.

ఇంతలో నా కిటికీ దగ్గర వేరే రభస మొదలైంది. మా ఊళ్ళో పద్ధతి ఏమిటంటే, బస్సు ఒక స్టాపులో ఆగి ఉండగానే తరవాతి స్టాపు పేరు చెబుతారు. బండి మిల్లు గేటు దగ్గర నిలబడి ఉండగా వదిన "వచ్చేది ఆసుపత్రి" అంటుంది, మా వాళ్ళు సంచులు సర్దుకుంటారు. అవతలి ఊళ్ళో ఏ స్టాపులో ఆగితే ఆ పేరే చెబుతారు. ఎవరి పద్ధతి వాళ్ళకు పుట్టుకతో వచ్చింది. ముందున్న "వచ్చేది", "ఇది" అన్న మాటలు ఎవరి చెవికీ ఎక్కవు, పేరొక్కటే ఎక్కుతుంది. ఇంకేముంది? అవతలి ఊరి పెద్దాయన ఒకాయన మోకాలి నొప్పికి ఆసుపత్రికని బయలుదేరి, వదిన పేరు చెప్పగానే లేచి మిల్లు గేటు దగ్గర దిగిపోయి, ఆ మోకాలితోనే కుంటుకుంటూ ఆసుపత్రికి నడిచాడు. మళ్ళీ కుంటుకుంటూ వచ్చి నన్ను తిట్టాడు. మావాళ్ళేమో అవతల మార్కెట్టు దగ్గర బస్సు ఆగి "ఇది మార్కెట్టు" అని వినబడినా, మార్కెట్టు ఇంకా రావాలి కదా అని దర్జాగా కూర్చుని, ఎక్కడికో పోయి దిగేవాళ్ళు. పెళ్ళిచూపులకు బయలుదేరిన ఒక కుటుంబం గోదాముల దగ్గర తేలింది.

అవతలి గొంతు మీద ఫిర్యాదు వచ్చినప్పుడల్లా వదిన గాజు పలక కింద నుంచి నాకు టీ జరిపేది. "చూశావా? ఆవిడ మాట నమ్ముకున్నవాళ్ళ గతి!" వదిన మాట నమ్ముకుని కుంటిన పెద్దాయన సంగతి నేను గుర్తుచేస్తే, ఆ టీ వెనక్కి లాక్కునేది.

ఫిర్యాదులు మితిమీరేసరికి ఉమ్మడి కమిటీ కూర్చుంది. రెండు ఊళ్ళ బస్సులన్నిటికీ ఒకటే పద్ధతి, ఒకటే గొంతు ఉండాలని తేల్చింది. ఎవరిది? వదిన ఆ వారమంతా గోరువెచ్చని నీళ్ళే తాగింది, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు, నాతో కూడా దెబ్బలాడలేదు. తన గొంతే ఉంటే రెండు ఊళ్ళలోనూ తనే. అవతలిది ఉంటే, సొంత ఊళ్ళో కూడా ఇక తను లేదు.

మేనేజరు కబురు తెచ్చాడు. మంచి మనిషి, చెడ్డ వార్త చెప్పడం చేతకాదు. కౌంటరు మీద చెయ్యి ఆనించి, "మన పద్ధతే ఉంచుతున్నారమ్మా. ముందే పేరు చెప్పడం. వాళ్ళు ఒప్పుకున్నారు" అన్నాడు.

"గొంతు?"

"ఎండాకాలంలో నీళ్ళ వంతు కూడా మనకే ముందు ఇచ్చారు. అది మామూలు విషయం కాదు..."

"గొంతు ఎవరిది సార్?"

"ఏదో ఒకటి వాళ్ళకూ ఇవ్వాలి కదమ్మా."

వదిన ముందున్న మైకును పక్కకు నెట్టింది. "అంటే నన్ను నీళ్ళకిచ్చేశారన్నమాట."

"ఊరి మంచి కోసం..."

"నా గొంతు ఎండితే గానీ ఊరికి నీళ్ళు రావా సార్?"

ఆయన తెల్లముఖం వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత చాలా రోజులు ఇంట్లో ఎవరైనా మంచినీళ్ళు అందిస్తే వదిన గ్లాసు పైకెత్తి చూసేది. "ఇదేనా నా బదులు వచ్చింది?" అనేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆవిడకు నిజంగానే కడుపు మండిపోతోంది. కూరగాయల కొట్టుకు నన్ను పంపడం మొదలుపెట్టింది. నా మీద కూడా కుళ్ళు పుట్టింది, నా ఉద్యోగానికి గొంతుతో పని లేదు కదా అని. అన్నయ్య ఇంట్లో ఈల వేయడం మానేశాడు.

కొత్త గొంతు రేపోమాపో వస్తుందనుకున్నాం, రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికి మళ్ళీ మేనేజరే వచ్చాడు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా పద్ధతి ప్రకారం చెప్పాలంటే ప్రతి పేరు ముందూ "వచ్చేది" అనాలి. అవతలి ఆవిడ ఎప్పుడో చెప్పిన రికార్డులన్నీ "ఇది" అనే ఉన్నాయి. కొత్తగా పెరిగిన కాలనీల పేర్లు అసలే లేవు. మళ్ళీ చెప్పిద్దామని వెళితే తెలిసింది, ఆవిడకు గొంతు లేదు. ఆవిడ చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. పిల్లల మీద అరిచీ అరిచీ గొంతులో ఏవో కాయలు కాసి, ఆపరేషను చేశాక గరగరలు తప్ప ఏమీ మిగల్లేదు.

వదిన కళ్ళు మెరిశాయి. నేను చూశాను, అబద్ధం చెప్పను.

"అయితే నా గొంతే పెడతారా?"

మేనేజరు మళ్ళీ ఇబ్బంది పడ్డాడు. "ఇప్పుడు ఒప్పందం కదిపితే వాళ్ళు నీళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడతారమ్మా. అది కాదు. రికార్డింగు ఆయన చెప్పాడు, మీరు ఆవిడలాగే అచ్చం..." అని ఆగాడు. "కావాల్సినవి కొన్ని మాటలే. ఆవిడ గొంతులో మీరు చెబితే ఎవరికీ తెలియదు. ఆవిడ ఒప్పుకుంటే చాలు."

డిపోలో కూడా వదిన సరదాకు ఆ గొంతును వెక్కిరించేది, అది రికార్డింగు ఆయన చెవిన పడింది. ఇప్పుడు అది ఉద్యోగమై కూర్చుంది. రెండు ఊళ్ళలోనూ ఆవిడ పలుకుతుంది, ఇంకొకరిలా. కాదంటే ఊరి నీళ్ళకు అడ్డం పడినదవుతుంది.

"నేనే వెళ్ళి అడుగుతాను" అంది చివరికి. "ఒకసారి ఆ మనిషిని చూడాలి నేను."

చూడ్డానికి వెళ్ళడమంటే కొంత సంతోషించడానికి వెళ్ళడమే. అది నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. మేడ మీద రెండు గదుల ఇల్లు. బల్ల మీద దిద్దాల్సిన కాపీ పుస్తకాలు, సుద్దపొడి అంటిన చేతిసంచి. పంతులమ్మ మా వదిన వయసు మనిషే. సన్నగా, నెరిసిన పాపిడితో, చక్కగా నవ్వింది. కూర్చోమని చేత్తో చూపి, చెంచాతో గ్లాసు మీద టకటకా కొట్టింది. వంటగదిలోంచి వాళ్ళ అమ్మ తొంగి చూసి, టీ పెడతానన్నట్టు తలూపి లోపలికి వెళ్ళింది. వాళ్ళమ్మకు చెవులు మందం. కూతురి గరగర ఆవిడకు వినబడదట. నిరుడు ఆపరేషను అయిందగ్గర్నుంచి ఆ ఇంట్లో పిలుపంటే ఆ చెంచా చప్పుడే.

వదిన వచ్చిన పని చెప్పింది. పంతులమ్మ తల వంచుకుని విన్నది. తరవాత ముందుకు వంగి, మాకు అందేలా ఒక్కొక్క మాటా కూడగట్టుకుంటూ, "ఎలా చెబుతారో... ఒక్కసారి వినిపిస్తారా?" అంది.

అంతసేపూ ఒదిగి కూర్చున్న వదిన నడుం నిటారు చేసుకుంది. ఏళ్ళ తరబడి వంటింట్లో చేసిన సాధన, ఇప్పుడు చూపాల్సిన మనిషి ఎదురుగా ఉంది. గర్వం ఆవిడ ముఖంలో స్పష్టంగా కనబడింది. గొంతు సవరించుకుని, తొందరేమీ లేకుండా, గట్టిగా, "వచ్చేది కొత్త కాలనీ. దిగేవారు నెమ్మదిగా దిగండి" అంది.

వంటగదిలో ఏదో కింద పడింది. వాళ్ళమ్మ తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మమ్మల్ని చూడనే లేదు. కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "వచ్చిందే! గొంతు వచ్చిందే తల్లీ! ఇంకోసారి అను, ఇంకోసారి అమ్మా అను" అంటోంది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది. పంతులమ్మ తల అడ్డంగా ఊపింది. చెయ్యెత్తి వదిన వైపు చూపింది. వాళ్ళమ్మ మా వైపు తిరిగి, వదిన నోటి వైపు చూసింది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఏమీ అనకుండా, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పంతులమ్మే మొదలుపెట్టింది. "గొంతు పోయినప్పుడు నేను ఏడవలేదండీ. పోతే పోయింది అనుకున్నా. అది ఇలా మీ దగ్గర ఉందని తెలిసి... ఇప్పుడు ఏడుపొస్తోంది." ఊపిరి తీసుకుంది. "కుళ్ళు అనుకోండి. తప్పే. మా అమ్మ మీ గొంతు విని పరిగెత్తుకొచ్చింది. నేను పిలిస్తే రాదు."

వదిన ముఖం పాలిపోయింది.

"నా గొంతుతో మీరు పలకొద్దు" అంది పంతులమ్మ. "మీ గొంతుతోనే చెప్పండి. అది నేను భరిస్తాను. మా ఊరివాళ్ళకు నేనే చెబుతా."

టీ రాలేదు. మేమూ ఆగలేదు. తిరుగు బస్సు వంతెన మీదికి వచ్చాక వదిన నా వైపు తిరిగింది.

"ఆవిడ నన్ను చూసిన చూపు చూశావా?"

"చూశాను."

"అది నాకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ మనసులో నేను ఆవిడ వైపు చూసిందే. నా మీద పడితే గానీ తెలియలేదు ఎలా ఉంటుందో."

పంతులమ్మ అన్నంత పనీ చేసింది. మా గొంతు ఇక లేదు, వాళ్ళ గొంతే పెట్టుకోండి అని తన ఊరివాళ్ళతో తనే చెప్పింది. దానికి బదులుగా వంతెనకు కొత్త పేరు పెట్టే హక్కు వాళ్ళు తీసుకున్నారు, నీళ్ళ జోలికి రాలేదు. వదిన వెళ్ళి రెండు ఊళ్ళ స్టాపులూ తన గొంతుతో చెప్పి వచ్చింది. కోరుకున్నదంతా దక్కింది. ఇంటికి వచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నేనే వీధిలో చెప్పాను, ఎవరో ఒకరు చెప్పాలి కదా.

అవతలి ఒడ్డున ఎలా ఉందో వినాలని కొన్నాళ్ళ తరవాత ఒక సాయంత్రం ఇద్దరం అన్నయ్య బస్సెక్కాం. వంతెన దాటాక జనం ముఖాలు చూస్తూ కూర్చుంది వదిన. ఎవరూ వెనకటిలా పొరపాటున దిగడం లేదు, అలవాటు పడ్డారు. కానీ ఎవరూ ఆ గొంతుకు తల తిప్పడమూ లేదు. ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం, "మన పంతులమ్మ చెప్పినట్టు లేదే" అనుకున్నారు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వినబడే గొంతుతో అయితే పోటీ పడవచ్చు. వినబడని గొంతుతో ఆవిడ ఏం పోటీ పడుతుంది?

బడి దగ్గర పంతులమ్మా, వాళ్ళమ్మా ఎక్కారు. పంతులమ్మ వదినను గుర్తుపట్టి తలూపింది. వాళ్ళమ్మకు సీటివ్వడానికి మేమిద్దరం లేచాం. ఆవిడ కూర్చుని, స్పీకరు వైపు చెవి ఒగ్గింది. "వచ్చేది మార్కెట్టు" అంది వదిన గొంతు, పై నుంచి. పెద్దావిడ తలెత్తి, ఎదురుగా నిలబడ్డ వదినను పైనుంచి కిందికి చూసింది. చెవులు మందమైనవాళ్ళు మాట్లాడినట్టే, బస్సంతా వినబడేలా అంది.

"మా అమ్మాయి ఇంతకంటే బాగా చెప్పేది."

వదిన సంగతి నాకు తెలుసు. ఇంతకంటే తక్కువ మాటకు డిపోలో నిప్పులు చెరిగింది. అన్నయ్య అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు, అందరూ చూస్తున్నారు. పంతులమ్మ కంగారుగా వాళ్ళమ్మ భుజం నొక్కింది.

వదిన వంగి, ఆవిడ చెవికి వినబడేలా, డిపో మైకులో చెప్పినంత స్పష్టంగా అంది. "అవునమ్మా. నాకంటే బాగా చెప్పేది."

పంతులమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. మార్కెట్టు వచ్చింది, దిగేవాళ్ళు దిగారు.

ఇంటికి నడుస్తుంటే నేను ఊరుకోలేక, "పెద్దావిడ బాధపడుతుందని అలా అన్నావా వదినా?" అన్నాను.

"కాదు. నిజమే చెప్పాను" అంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది. "మొదటి రోజే తెలుసు నాకు. నిజం కాకపోతే ఇన్నేళ్ళు ఎందుకు ఏడుస్తాను?"